బండను పగలగొట్టని కట్టె గది

కట్టె గదులు కడతామని చెప్పిన చోట మొదట దిగేది వడ్రంగి కాదు, జేసీబీ. రాచకొండ గుట్టల్లోనైనా, దేవరకొండ చుట్టుపక్కలైనా, అచ్చంపేట దాటి నల్లమల అంచుకు చేరినా ఇదే వరస. బ్రేకర్ పెట్టి గుండ్లు పగలగొడతారు. మొరం పోసి చదును చేస్తారు. దాని మీద సిమెంటు బెడ్డు, చుట్టూ ఇటుక గోడ, గోడ మీద చెక్క పలకలు. చివర్న గేటుకు 'ఎకో కాటేజ్' అని బోర్డు. ఏ బండల కోసం హైదరాబాద్ నుంచి మనుషులు రెండు మూడు గంటలు ప్రయాణం చేసి వస్తారో, ఆ బండలు అప్పటికే కంకరై పునాదిలో చేరి ఉంటాయి.

చెక్క వాడినంత మాత్రాన గది గుట్టలో కలిసిపోదు. అది నేలను ఎలా తాకింది, ఎండకు ఏ ముఖం చూపించింది, వాన నీటికి ఎక్కడ దారి వదిలింది అన్నవే అసలు సంగతులు. ఈ మూడూ కుదిరితే రేకు కప్పు గది కూడా ఆ చోటుకు ఒప్పుతుంది. కుదరకపోతే బర్మా టేకుతో కట్టినా ఎవరో తెచ్చి పడేసిన పెట్టెలానే కనిపిస్తుంది. దక్షిణ తెలంగాణలో ఈ పనిలో సగం, కాగితం మీద గీత గీయకముందే అయిపోతుంది. చోటు ఎంచుకోవడమే ఆ సగం.

ఒకే ప్రాంతం, వేరువేరు నేలలు

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాన్ని ఒకే రకం రాళ్ల సీమ అనుకుంటే మొదటి అడుగే తప్పుతుంది. భువనగిరి, రాచకొండ, దేవరకొండ, కోయిలకొండ వైపు కనిపించేది గ్రానైటు. దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందటి రాయి. పొరలు పొరలుగా ఊడుతూ, మూలలు అరిగి గుండ్రంగా మారి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడిన గుండ్లు, వాటి కింద పరుపుబండలు, మధ్య సందుల్లో కాస్త ఎర్ర చెలక మట్టి. చెట్టు తక్కువ, నీడ తక్కువ, చూపు మాత్రం మైళ్ల దూరం పోతుంది.

అచ్చంపేట దాటి మన్ననూరు ఘాట్ ఎక్కగానే నేల మారిపోతుంది. అమ్రాబాద్ పీఠభూమి మీది రాయి పలకలు పలకలుగా విడిపోయే క్వార్ట్‌జైట్. దాని మీద ఆకురాల్చే అడవి. ఇక్కడ చూపు వంద అడుగులు కూడా సాగదు. ఎండాకాలంలో ఆకు రాలిపోతే మాత్రం ఒక్కసారిగా లోయ మొత్తం బయటపడుతుంది.

మూడోది కొల్లాపూర్ దగ్గర సోమశిల లాంటి కృష్ణ ఒడ్డు. ఇక్కడ చాలామంది ఒక లెక్క మరిచిపోతారు. అది నది ఒడ్డు కాదు, శ్రీశైలం జలాశయం ఒడ్డు. పూర్తి మట్టం 885 అడుగులు. ఆగస్టు, సెప్టెంబరులో నిండుగా ఉన్నప్పుడు వచ్చి చోటు చూసి, నీళ్లకు ఎదురుగా అద్దాల గది కట్టుకుంటే, ఏప్రిల్ నాటికి నీరు ఎంతో దూరం వెనక్కి పోయి ఆ అద్దంలోంచి ఎండి పగిలిన బురద కనిపిస్తుంది. ఒడ్డుకు వీలైనంత దగ్గరగా కట్టాలన్న ఆశ ఇక్కడ పనికిరాదు. ఎత్తు మీద వెనక్కి జరిగి కడితేనే నీరున్నా లేకున్నా చూడటానికి ఏదో ఒకటి మిగులుతుంది.

ఈ వ్యాసంలో ఎక్కువ మాట గ్రానైటు గుట్టల గురించే. కష్టమూ అక్కడే, తప్పులూ అక్కడే ఎక్కువ.

బండ ఏం చెబుతోంది

పరుపుబండ మీద నిటారుగా దిగే నల్ల చారలు గుట్టల్లో తిరిగిన ప్రతివాళ్లూ చూసినవే. అవి మురికి కాదు. వాన నీరు ఏటా పారే దారిలో పెరిగే సూక్ష్మజీవులు ఎండి నల్లబడిన గుర్తులు. అంటే నీటిదారుల మ్యాపును బండే గీసి పెట్టింది. దాన్ని చదవకుండా వాటికి అడ్డంగా గది కడితే మొదటి గట్టి వానకే సంగతి తెలుస్తుంది. మట్టి నేలలో వాన కొంత ఇంకుతుంది, బండ మీద చుక్క కూడా ఇంకదు. పైన వెయ్యి చదరపు మీటర్ల బండ ఉండి గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే 50,000 లీటర్ల నీరు కిందికి దిగుతుంది. ఏడాదికి 600, 700 మిల్లీమీటర్లే పడే కరువు సీమ కదా అని తేలిగ్గా తీసుకుంటారు. కానీ ఆ వాన ఏడాది పొడవునా పంచుకుని పడదు, నాలుగైదు గట్టి దెబ్బల్లో పడుతుంది.

రెండో సంగతి వేడి. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయన్న సామెత ఈ ప్రాంతంలో సామెతలా అనిపించదు. మేలో పగలు 42 డిగ్రీలు దాటిన రోజులు మామూలే. పొద్దున్నుంచి ఎండ తాగిన గుండు ఆ వేడిని రాత్రి పది, పదకొండు దాకా బయటికి కక్కుతూనే ఉంటుంది. పెద్ద గుండుకు ఆనుకుని గది కడితే ఫొటో బాగుంటుంది, నిద్ర పట్టదు. అదే గుండుకు తూర్పు వైపు, ఆరేడు అడుగుల ఎడం వదిలి కడితే లెక్క తిరగబడుతుంది. మధ్యాహ్నం రెండు దాటాక గుండు నీడ గది మీద పడుతుంది. ఎండలో కాలే పడమటి ముఖం అవతలి వైపు ఉంటుంది. మధ్యలోని సందులో గాలి ఆడుతుంది. రూపాయి ఖర్చు లేకుండా దొరికే పడమటి గోడ అది. ఇలాంటి చోటు గుట్ట మీద రెండో మూడో ఉంటాయి. పది గదులు కట్టాలనుకున్న యజమానికి ఈ మాట నచ్చదు. రాయి ఒప్పుకునేన్ని గదులే కట్టాలి తప్ప బ్యాంకు లోను లెక్కకు సరిపడా గదులు గుట్ట మీద పట్టవు.

రాతిని కదపకుండా కట్టడం ఇక్కడివాళ్లకు కొత్తేమీ కాదు. రేచర్ల పద్మనాయక రాజులు 14వ శతాబ్దంలో రాచకొండ, దేవరకొండ కోటలు కట్టినప్పుడు గుండ్లను తొలగించలేదు. గుండ్లనే గోడలో భాగం చేసుకుని, మధ్య ఖాళీలను పెద్ద పెద్ద రాళ్లతో పూడ్చారు. రాచకొండ గోడల్లో గుట్ట ఎక్కడ ఆగిందో, కట్టడం ఎక్కడ మొదలైందో కొన్నిచోట్ల చెప్పలేం. అంత పెద్ద కోటకే సాధ్యమైన పని పన్నెండు అడుగుల గదికి ఎందుకు కాదన్నది ఆర్కిటెక్టులు వేసుకోవాల్సిన ప్రశ్న.

నేలను తాకే చోటు

కట్టెకు ఇద్దరు శత్రువులు, తడి, చెద. రెండూ కింది నుంచే వస్తాయి. కాబట్టి కట్టె నేలను తాకకూడదు. మట్టిలో పాతిన కంబం ఎంత మంచి టేకైనా ఒక రోజు మట్టి దగ్గరే విరుగుతుంది. చేలల్లో మంచె కట్టే రైతులకు ఈ సంగతి తెలుసు. మంచె ఒకటి రెండు పంటలకే కాబట్టి వాళ్లకు ఇబ్బంది లేదు. ఇరవై ఏళ్లు నిలవాల్సిన గదికి ఆ పద్ధతి చాలదు.

బండ ఉన్న చోట ఇది చాలా తేలికైన సమస్య. బండే పునాది. దాన్ని చదును చేయనక్కర్లేదు, కంబాల పొడవులు ఎచ్చుతగ్గులుగా కోసుకుంటే సరిపోతుంది. ఒక్కో కంబం వచ్చే చోట బండలోకి ఒకటిన్నర అడుగు లోతు రంధ్రం వేసి, అందులో తుప్పు పట్టని ఉక్కు కడ్డీ దించి, కుంచించుకుపోని గ్రౌటుతో, అంటే సందు నింపే సిమెంటు ముద్దతో, బిగిస్తారు. కడ్డీ తలకు యూ ఆకారపు ఇనుప ప్లేటు. ఆ ప్లేటులో కంబాన్ని బోల్టులతో పట్టిస్తారు. కంబం అడుగుకూ బండకూ మధ్య కనీసం రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. కోసిన కట్టె చివర నీటిని పీల్చినంతగా పక్క ముఖం పీల్చదు కాబట్టి ఈ రెండు అంగుళాలు మొత్తం గది ఆయుష్షును నిర్ణయిస్తాయి. చెదలు రావాలన్నా బండ మీంచి, ఇనుము మీంచి మట్టి గొట్టం కట్టుకుంటూ కళ్లముందే రావాలి. వారానికోసారి చీపురుతో తుడిస్తే పోతుంది.

రంధ్రం వేసే ముందు ఒక పని తప్పనిసరి. బండను సుత్తితో కొట్టి వినాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. పొర విడిచిన రాయి డొల్లగా, బరువుగా మోగుతుంది. గ్రానైటు పై పొర పెంకులా విడిపోయి చూడ్డానికి మాత్రం ఒకే బండలా ఉంటుంది. ఆ పెంకులో దించిన కడ్డీ గాలివానకు పెంకుతో సహా లేస్తుంది. ఈ తేడాను ఇంజనీరు కంటే ముందు రాయి కొట్టే వడ్డెర మేస్త్రీ చెబుతాడు. అలాంటి మనిషిని చోటు చూసే మొదటి రోజే తీసుకెళ్లడం మంచిది. మామూలుగా ఆయనకు పిలుపు రాయి పగలగొట్టడానికే వస్తుంది.

నార్వే పడమటి కొండల్లో వల్‌డాల్ దగ్గర జూవెట్ అనే హోటలుంది. యెన్సన్, స్కోడ్విన్ అనే ఆర్కిటెక్టుల పని. అక్కడ సరిగ్గా ఇలాగే బండలోకి లావాటి ఉక్కు కడ్డీలు దించి వాటి మీద చిన్న చిన్న కట్టె గదులు నిలబెట్టారు. రాయి పేల్చలేదు, చెట్ల మధ్య ఎలా కుదిరితే అలా తిప్పారు. ప్రపంచమంతా ఆ ఫొటోలు చూసింది. మన దగ్గర దాన్ని చూసి కాపీ కొట్టేవాళ్లు నేర్చుకోవాల్సిన కడ్డీలను వదిలేసి, వదిలేయాల్సిన అద్దపు గోడలను పట్టుకుంటున్నారు. ఆ దేశంలో ఎండ అతిథి, దాన్ని లోపలికి పిలవాలి. నల్గొండలో ఎండను గుమ్మం దగ్గరే ఆపాలి.

ఎండ లెక్క

నల్గొండ, మహబూబ్‌నగర్‌లు ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల అటూఇటూ ఉంటాయి. మే మొదటి పక్షంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్య కాలంలో కాస్త ఉత్తరానికి జరుగుతాడు. డిసెంబరు 21న మాత్రం మధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. దీంతో దక్షిణపు గోడ సంగతి తేలికైపోతుంది. మూడు అడుగుల చూరు దించితే మార్చి నెలాఖరుకల్లా ఏడడుగుల గోడ మొత్తం మధ్యాహ్నం నీడలోకి వస్తుంది. డిసెంబరులో అదే చూరు కింద నుంచి సగం గోడకు ఎండ తగులుతుంది. నల్లమల అంచున చలి రాత్రుల తర్వాత ఆ ఎండ హాయిగానే ఉంటుంది.

పడమర అలా కాదు. మే నెలలో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు 35 డిగ్రీల దగ్గర ఉంటాడు. ఎంత పొడుగు చూరు వేసినా దాని కిందినుంచి దూరి వస్తాడు. సూర్యాస్తమయం చూడటానికి పడమటి వైపు పెద్ద అద్దం పెట్టమని అడగని యజమాని ఉండడు. అరగంట అందం కోసం నాలుగు గంటల ఉడుకు. పడమట గోడే ఉండాలి, ఆ గోడ వెనక బాత్రూమో సామాన్ల అరో ఉండాలి. సూర్యాస్తమయం చూడాలనుకున్నవాళ్లు మెట్లు దిగి బండ మీదికి వెళ్లి కూర్చుంటారు. అందుకే కదా వచ్చింది.

ఇంత ఎండలో కట్టె అసలు సరైనదేనా

ఈ ప్రశ్న వేయకుండా ముందుకు పోకూడదు. పాలమూరు పాత ఇళ్లు రాతి గోడలవి, మట్టి గోడలవి. కట్టె దూలాలకూ దర్వాజాలకే పరిమితం. దానికి కారణం ఉంది. అడుగున్నర మందం రాతి గోడ పగటి వేడిని తనలో దాచుకుని లోపలికి రావడం ఆలస్యం చేస్తుంది. అంగుళం మందం చెక్క పలకతో పోలిస్తే అది దాచుకునే వేడి ముప్పై రెట్లకు పైనే. చెక్క వేడిని తనగుండా సులభంగా పోనివ్వదు, గ్రానైటు కంటే పదిహేను రెట్లకు తక్కువ కాకుండా అడ్డుకుంటుంది. కానీ దాచుకోలేదు. మే మధ్యాహ్నం కట్టె గదిలో కూర్చోవడం రాతి ఇంట్లో కూర్చున్నంత సుఖం కాదు. ఏసీ లేకుండా ఆ పూట గడపగలం అని ఎవరైనా చెబితే నమ్మాల్సిన పని లేదు.

అయితే అతిథి గది రోజంతా ఉండే ఇల్లు కాదు. మనుషులు అందులో ఉండేది ఎక్కువగా రాత్రి. రాతి గోడ పగలు దాచిన వేడిని సరిగ్గా నిద్రపోయే వేళకు లోపలికి వదులుతుంది. అందుకే ఎండాకాలం ఊళ్లలో రాతి ఇళ్ల వాళ్లంతా నులక మంచాలు వాకిట్లోకి తెచ్చుకునేవాళ్లు. తేలిక కట్టె గది పొద్దు గూకిన గంటలోపే బయటి గాలి వేడికి దిగిపోతుంది. కిటికీలు తెరిచి, నేల పలకల సందుల్లోంచి గాలి వస్తే ఇంకా త్వరగా దిగుతుంది. రాత్రి గదిగా కట్టెకు తిరుగులేదు. పగటి గదిగా మాత్రం దానికి తోడు కావాలి.

దీన్ని బట్టి ప్లాను కూడా మారాలి. మూసిన గది పన్నెండు అడుగులకు పద్నాలుగు, అంతకు మించి వద్దు. దానికి తూర్పున గది కంటే పెద్ద తెరిచిన మంచె, పైన కప్పు, మూడు వైపులా ఏమీ లేకుండా. మంచాలు అక్కడ కూడా పట్టాలి. రిసార్టు బ్రోషర్లలో ఈ మంచెను 'డెక్' అంటారు, నాలుగు అడుగుల వెడల్పున పెట్టి రెండు కుర్చీలు వేస్తారు. పక్క వేసుకోవడానికి వీల్లేని మంచెతో ఈ వాతావరణంలో లాభం లేదు. దోమతెర కట్టుకోవడానికి కొక్కేలు మరవకపోతే చాలు. పగటి పూట కోసం అన్ని గదులకూ కలిపి ఒకే ఒక మందపు రాతి గోడల హాలు కడితే సరిపోతుంది. తిండి, కబుర్లు, మధ్యాహ్నపు కునుకు అక్కడ.

కప్పు, గాలి, కోతులు

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే ఈదురుగాలులు ఏటా రేకులు లేపుకుపోతూనే ఉంటాయి. గాలి ఒత్తిళ్లకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో హైదరాబాద్‌లో కట్టడాల లెక్కకు ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కిలోమీటర్లు. ఆ వేగంలో కప్పు చదరపు మీటరుకు వంద కిలోలకు పైగా ఒత్తిడి వస్తుంది. రేకు, వాసాలు కలిపినా కట్టె గది కప్పు బరువు అందులో మూడో వంతు కూడా ఉండదు. పైగా గుట్ట కొమ్మున గాలి వేగం ఇంకా పెరుగుతుంది. అందుకే ఇక్కడ కప్పు కూలుతుందన్న భయం కంటే లేస్తుందన్న భయం పెద్దది. రేకు వాసానికి, వాసం దూలానికి, దూలం కంబానికి, కంబం కడ్డీకి, కడ్డీ బండకు, ఈ గొలుసులో ఒక్క చోట మేకు మాత్రమే ఉంటే అక్కడే తెగుతుంది. మేకులు కాదు, ఇనుప పట్టీలు, బోల్టులు కావాలి. గుట్ట కొమ్మున కాకుండా రెండు మూడు గజాలు కిందికి దిగి కడితే గాలీ తగ్గుతుంది, కింది ఊరివాళ్లకు ఆకాశం మీద గది కనిపించదు.

దేంతో కప్పాలన్న దాని మీద వాదన ఎప్పుడూ తెగదు. గూనపెంకు చూడ్డానికి ఈ నేలదే. వేడి కూడా తక్కువ. కానీ తెలంగాణ ఊళ్లలో పెంకుటిళ్లు ఖాళీ కావడానికి ఒక కారణం కోతులు. మందగా వచ్చి పెంకులన్నీ తిరగేసి పోతాయి. గడ్డి కప్పును పీకేస్తాయి, పైగా నిప్పు భయం. ఆచరణలో నిలిచేది రెండు పొరల కప్పు. పైన లేత రంగు రేకు, కింద వెదురు బొంగుల చాపో సన్న చెక్కో, మధ్యలో అర అడుగు ఖాళీ. ఆ ఖాళీ చూరు దగ్గరా శిఖరం దగ్గరా తెరిచి ఉండాలి. రేకు కాలితే మధ్యలోని గాలి వేడెక్కి పైకి పోతుంది, కిందినుంచి కొత్త గాలి వస్తుంది. సందులకు సన్న జల్లెడ తీగ కొట్టకపోతే పాములు, గబ్బిలాలు అద్దె లేకుండా కాపురం పెడతాయి. మెరిసే రేకు మాత్రం వద్దు. పది కిలోమీటర్ల దూరం నుంచి కూడా అద్దంలా మెరుస్తుంది.

ఏ కట్టె

దగ్గర్లో అడవి ఉంది కదా అని అడవి కట్టె వాడొచ్చని కాదు. నల్లమల కట్టె అటవీ శాఖ డిపో నుంచి, కాగితాలతో వస్తేనే. సొంత పట్టా భూమిలోని చెట్టు కొట్టాలన్నా నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు చేసిన వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. వెదురుకు కొంత వెసులుబాటుంది. 2017 చివర్లో చేసిన సవరణతో అడవి బయట పెంచిన వెదురు భారత అటవీ చట్టంలోని చెట్టు నిర్వచనం నుంచి తప్పుకుంది.

ఈ పనికి అన్నిటికంటే మేలైన కట్టె పాత ఇళ్లది. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు ఊళ్లలో మండువా ఇళ్లు కూలగొట్టి స్లాబు ఇళ్లు కట్టుకుంటున్నారు. వాటి టేకు, నల్లమద్ది దూలాలు కట్టె అడితీలకు వస్తాయి. దశాబ్దాలుగా ఎండి, ముడుచుకోవాల్సినంతా ముడుచుకున్న కట్టె అది. ఇక వంకర పోదు, పగలదు. మేకులు ఏరుకోవడం, పుచ్చు పట్టిన ముక్కలు తీసేయడం మాత్రం ఓపిక పని. సామిల్లు వాళ్లకు మేకులున్న కట్టె అంటే విసుగు, రంపం పళ్లు పోతాయని. ముందుగా మాట్లాడుకోవాలి.

తాటి కట్టెను నల్గొండ జిల్లాలో మరిచిపోవడం విచిత్రం. ముదురు తాడి చెట్టు బయటి నల్లటి పొర చాలా గట్టిది, వాసాలకు తరతరాలుగా వాడిందే. లోపలి మెత్తటి భాగం పనికిరాదు. కల్లు గీసే చెట్టును కొట్టాలంటే అనుమతులుంటాయి కాబట్టి ఎండిపోయిన, పడిపోయిన చెట్లే దారి. నీలగిరి బొంగులు చవకే గానీ మందు పట్టించకుండా వాడితే చెదలకు విందు. గదిలోపలి వాటికి బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణం చాలు. వానకు తడిసే చోట ఆ ఉప్పు కరిగి పోతుంది కాబట్టి అక్కడ పని చేయదు.

కొత్త కట్టె కొంటే ఒక లెక్క గుర్తుంచుకోవాలి. పొడి మే నెల నుంచి తడి ఆగస్టుకు కట్టెలోని తేమ చాలా మారుతుంది. ఆరు అంగుళాల వెడల్పు టేకు పలక ఆ మార్పుకు రెండు మిల్లీమీటర్ల దాకా ఉబ్బుతుంది, మళ్లీ ముడుచుకుంటుంది. మేలో పలకలను సందు లేకుండా బిగిస్తే వానల్లో అవి ఒకదాన్నొకటి తోసుకుని లేస్తాయి. వానాకాలంలో బిగిస్తే మేలో వేలు పట్టే సందులు రాకపోయినా వెలుతురు కనిపించే సందులు తప్పవు. రెండో తప్పే నయం. ఒక పలక అంచు మీద ఇంకో పలక అంచు ఎక్కేలా కోస్తే ఆ వెలుతురూ ఉండదు.

నీళ్లు, మరుగు

నల్గొండ భూగర్భ జలంలో ఫ్లోరైడ్ సంగతి కొత్తగా చెప్పేదేం లేదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరు నిలిచిపోయింది. బోరు వేసి అతిథులకు ఆ నీళ్లే తాగించడం కుదరదు. కప్పు మీద పడే వానే మంచి ఆధారం. 40 చదరపు మీటర్ల కప్పు, ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన, అందులో ఐదో వంతు పోయినా 22,000 లీటర్లకు పైగా దొరుకుతాయి. స్నానాలకు చాలవు గానీ తాగడానికి, వంటకు ఏడాదంతా సరిపోతాయి. రేకు కప్పుకు ఇది కూడా ఒక ప్లస్ పాయింటు.

బండ మీద సెప్టిక్ ట్యాంకు పెట్టొచ్చు, కానీ ఇంకుడు గుంతకు మట్టి ఎక్కడిది? ట్యాంకు నిండి బయటికి వచ్చే నీరు బండ వాలున పారి కింది చెలకల్లోకో, బండల్లోని నీటి దోనెల్లోకో పోతుంది. మేకలు, నెమళ్లు తాగే నీరు అది. మరుగుదొడ్లన్నీ గదుల దగ్గర కాకుండా కింద మట్టి ఉన్న చోట ఒక్క దగ్గర పెట్టి, వాటి నీటిని రాళ్లు, ఇసుక నింపిన మొక్కల మడుల గుండా పంపడం తేలిక. గదికో అటాచ్డ్ బాత్రూమ్ ఉండాల్సిందేనంటే గట్టిబండ వదిలి కిందికి దిగాల్సిందే. రెండూ ఒకేసారి దొరకవు.

అడవి అంచున

అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో విస్తరించి ఉంది. అందులో కోర్, అంటే నడిమి భాగమే 2,166 చదరపు కిలోమీటర్లు. కోర్‌లో కొత్త పర్యాటక కట్టడాలు వద్దని 2012 నాటి జాతీయ పులుల సంరక్షణ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాబట్టి ప్రైవేటు గదులకు చోటు అడవి బయటి పట్టా భూముల్లోనే. అక్కడైనా ఫిబ్రవరి నుంచి మే దాకా మంటల భయం నిజమైనది. ఎండిన ఆకు, మోకాలెత్తు గడ్డి, ఒక బీడీ ముక్క చాలు. గది చుట్టూ ముప్పై అడుగులు గడ్డి కోసి, రాతి పలకలు పరిచి ఉంచాలి. గది కింద కట్టెల మోపులు దాచకూడదు. బండ మీద కట్టిన గదికి ఈ ఖాళీ జాగా పుట్టుకతోనే ఉంటుంది. రాత్రి లైట్ల సంగతి కూడా అంతే ముఖ్యం. మెట్ల దగ్గర మోకాలి కిందికి పడే వెలుతురు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. గుట్ట మీద ఫ్లడ్‌లైటు పెడితే చుక్కలూ పోతాయి, జంతువులూ దారి మార్చుకుంటాయి.

చెంచుల గుడిసె ఈ అడవిలో ఎవరైనా చూసి నేర్చుకోవాల్సిన కట్టడం. గుండ్రంగా ఉండే పొట్టి తడక గోడ, దాని మీద గొడుగులా దిగే గడ్డి కప్పు. గాలికి తగిలే మూల లేదు, వానకు నిలిచే చోటు లేదు. ఆ ఆకారాన్ని సిమెంటులో పోసి, గడ్డి రంగు పెయింటు వేసి 'ట్రైబల్ హట్' అని రాత్రికింతని అద్దెకిచ్చే చోట్లున్నాయి. గుడిసెలోంచి తీసుకోవాల్సింది ఆకారం కాదు. గోడ తక్కువ, కప్పు ఎక్కువ అన్న నిష్పత్తి తీసుకోవాలి. అంతకంటే ముందు, తడక అల్లడం తెలిసిన చెంచులను కూలీలుగా కాకుండా పనివాళ్లుగా పిలిచి ఆ పనికి తగిన డబ్బు ఇవ్వాలి.

రంగు, నూనె, మనిషి

కొత్త టేకు బంగారు రంగులో ఉంటుంది. ఎండకు, వానకు రెండేళ్లలో బూడిద రంగుకు తిరుగుతుంది. యజమానులు దీన్ని పాడవడం అనుకుని ఏటా వార్నిష్ కొట్టిస్తారు. మన ఎండకు వార్నిష్ పొర పగిలి పెచ్చులు లేస్తుంది. ఆ పెచ్చుల కింద నీరు చేరి అసలు పాడవడం అప్పుడు మొదలవుతుంది. బూడిద రంగు గ్రానైటు రంగే. దాన్ని అలాగే వదిలేసి, వానకు నేరుగా తగిలే ముఖాలకు మాత్రం ఏడాదికోసారి, మృగశిర కార్తెకు ముందు, కాచిన అవిసె నూనె రాస్తే చాలు.

కట్టె గదికి ఈ చాకిరీ తప్పదు. ఉగాది దాటగానే, గాలులు మొదలయ్యేలోపు, కప్పు బోల్టులు ఒక్కొక్కటీ పానాతో బిగించాలి. కంబాల అడుగున చెద గొట్టాలు వెతకాలి. వానలు వెలిశాక చూరు కింద తడి మచ్చలు చూడాలి. నాలుగు గదులకు కలిపి ఏడాదికి కొద్ది రోజుల పనే గానీ, అది తెలిసిన మనిషి చేయాల్సిన పని. చదరపు అడుగు ఖర్చు లెక్క వేసేటప్పుడు ఆ మనిషి జీతాన్ని కూడా అందులో కలపాలి. దగ్గర్లో అలాంటి వడ్రంగి దొరకని చోట, దొరికినా పెట్టుకునే ఉద్దేశం లేని చోట, కట్టె జోలికి పోకుండా వదులు రాళ్లు ఏరి గోడ కట్టుకుని రేకు వేసుకోవడమే మేలు.